కారణం అందని పిల్లి మరణం

పెంపుడు పిల్లి జబ్బుపడి చనిపోయి, ఆ జబ్బేమిటో తెలియకుండా పోతే ఇంట్లోవాళ్ళకు రెండు బాధలు మిగులుతాయి. ఒకటి పిల్లి ఇక లేదన్న బాధ. రెండోది ఎందుకు పోయిందో తెలియని బాధ. మొదటిదాన్ని కాలం మెల్లమెల్లగా తగ్గిస్తుంది. రెండోది ప్రశ్నగా మిగులుతుంది కాబట్టి మనసు దాన్ని ఒక పట్టాన వదలదు. నిన్న ఏం తిన్నది, ఎక్కడ పడుకున్నది, ఎవరు ఏం పెట్టారు అని పదే పదే తిరగదోడుతుంది. జవాబు దొరక్కపోతే చివరికి తప్పు తనదేనని తీర్పు చెప్పుకుంటుంది. ఈ రెండు బాధల్నీ విడదీసి చూడాలి. తెలుసుకోగలిగినంత తెలుసుకోవాలి. మిగిలినదాన్ని తెలియనిదిగానే ఒప్పుకోవాలి. ఈ దుఃఖాన్ని దాటే దారి అదే.

ఉదాహరణకు తిరువూరును తీసుకుందాం. అది ఎన్టీఆర్ జిల్లా అంచున, తెలంగాణ సరిహద్దు పక్కన ఉన్న పట్టణం. చుట్టూ మామిడి తోటలు, వరి, పత్తి, మిరప చేలు. ఇలాంటి ఊళ్ళో పిల్లి ఒక్క ఇంటికే పరిమితమై ఉండదు. పొద్దున ఒకరింట్లో పాలు తాగుతుంది. మధ్యాహ్నం పక్కింటి పెరట్లో చేప తల కోసం కాచుకుంటుంది. రాత్రి ధాన్యం బస్తాల మధ్య ఎలుకను వేటాడుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందన్న నానుడి ఊరికే పుట్టలేదు. దాని రోజులో సగం పెంచినవాళ్ళ కంటికి కనిపించదు. ఏ గోడ అవతల ఏం తిన్నదో, ఏ జంతువుతో పోట్లాడిందో తెలియదు. అందుకే ఊళ్ళో పెరిగే పిల్లికి జబ్బు చేసినప్పుడు అది ఎక్కడ మొదలైందో చెప్పడం చాలాసార్లు కష్టమవుతుంది.

దీనికి పిల్లి స్వభావం కూడా తోడవుతుంది. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. తనకంటే పెద్ద జంతువుల నోట పడే ప్రమాదం దానికి ఎప్పుడూ ఉంటుంది. బలహీనత బయటపడితే ప్రాణానికే ముప్పు. కనుక నొప్పిని దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. కుక్క జబ్బుపడితే యజమాని కాళ్ళ దగ్గరికి వస్తుంది. పిల్లి మంచం కిందికో, అటక మీదికో, కట్టెల మోపు వెనక్కో పోతుంది. ఒక పూట తినకపోతే ఎలుక దొరికి ఉంటుందిలే అనుకుంటారు. రోజంతా పడుకుంటే ఎండకు అనుకుంటారు. పిల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే గడుపుతుంది కాబట్టి ఆ అనుకోవడంలో తప్పేమీ లేదు. జబ్బు ఇంట్లోవాళ్ళ కంట పడేనాటికి అది ముదిరిపోయి ఉండటానికి ముఖ్యమైన కారణం ఈ దాపరికమే. నిర్లక్ష్యం వల్ల అలా జరిగిందనుకోవడం చాలాసార్లు పొరపాటు.

హఠాత్తుగా, కారణం తెలియకుండా జరిగినట్టు కనిపించే మరణాల వెనక సాధారణంగా ఉండే జబ్బులు కొన్ని ఉన్నాయి. పిల్లికూనల్ని ఎక్కువగా తీసుకుపోయేది పాన్‌ల్యూకోపీనియా. ఇది పార్వో జాతి వైరస్ వల్ల వస్తుంది. పేగుల లోపలి పొరను, ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. రక్తంలోని తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం, వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు ఆరిపోవడం వెంట వెంటనే వస్తాయి. కొన్ని కూనలు ఏ లక్షణమూ బయటపడకముందే గంటల్లో చనిపోతాయి. నిన్న సాయంత్రం దారపు ఉండతో ఆడుకున్న కూన తెల్లారేసరికి చలనం లేకుండా కనిపిస్తే, విషం పెట్టారని అనుమానించే ముందు ఈ జబ్బును గుర్తు చేసుకోవాలి.

రెండోది ఎఫ్ఐపీ అని పిలిచే పొట్ట పొర వాపు జబ్బు. పిల్లుల్లో మామూలుగా ఉండే ఒక కరోనా వైరస్ ఎక్కువ పిల్లులకు హాని చేయదు. మహా అయితే నాలుగు రోజులు విరేచనాలు పట్టుకుంటాయి. కొద్ది పిల్లుల్లో మాత్రం అది ఒంట్లోనే రూపు మార్చుకొని ప్రాణాంతకమవుతుంది. పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరుతుంది, లేదా కళ్ళు, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏ పిల్లిలో మారుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. 1963లో అమెరికాలోని బోస్టన్‌లో ఈ జబ్బును మొదటిసారి వివరించారు. ఆ తరవాత అర్ధ శతాబ్దానికి పైగా దీనికి మందే లేదు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకు ఇచ్చి చూస్తే 25 కోలుకొని నిలిచాయి. అంతకుముందు ఈ జబ్బుతో పిల్లిని పోగొట్టుకున్నవాళ్ళు ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళినా ఫలితం దాదాపు అదే అయ్యేది. తమ చేతుల్లో లేనిదాన్ని తమ తప్పుగా మోసినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టలేం.

మూడోది గుండె కండరం మందమయ్యే జబ్బు. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో బ్రిటన్‌లోని 780 పిల్లుల్ని పరీక్షించారు. పైకి అన్నీ ఆరోగ్యంగా కనిపించినవే. వాటిలో సుమారు 15 శాతానికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. ఎక్కువ పిల్లులు దీనితోనే ఏళ్ళ తరబడి బతుకుతాయి. కొన్నింటికి ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కొన్నింటికి రక్తం గడ్డ వెనక కాళ్ళకు వెళ్ళే రక్తనాళంలో ఇరుక్కుంటుంది. అప్పుడు పిల్లి గట్టిగా అరుస్తూ వెనక కాళ్ళు ఈడ్చుకుంటుంది. ఎవరో కొట్టారనో, పాము కరిచిందనో చూసేవాళ్ళకు అనిపిస్తుంది. మరికొన్ని ఏ సూచనా లేకుండా కుప్పకూలిపోతాయి.

వయసు మళ్ళిన పిల్లుల్లో మూత్రపిండాల జబ్బు ఎక్కువ. మూత్రపిండాల పనితనం మూడింట రెండు వంతులకు పైగా పోయేదాకా పైకి పెద్దగా ఏమీ తెలియదు. ఎక్కువ నీళ్ళు తాగడం, ఎక్కువసార్లు మూత్రం పోయడం, మెల్లగా చిక్కిపోవడం మాత్రమే సూచనలు. బయట తిరిగే పిల్లి ఎక్కడ నీళ్ళు తాగిందో, ఎక్కడ మూత్రం పోసిందో ఎవరు చూస్తారు? మగ పిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోవడం మరో ప్రమాదం. మూత్రం కోసం ముక్కుతున్న పిల్లిని చూసి మలబద్ధకం అనుకుంటారు. అడ్డు తొలగించకపోతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోతుంది.

విషం విషయానికి వస్తే, చాలాసార్లు దాని వెనక పగ ఉండదు. ఎలుకల కోసం పెట్టిన మందు తిన్న ఎలుకను పిల్లి తింటుంది. బ్రోమాడియోలోన్ రకం ఎలుకల మందు రక్తం గడ్డకట్టే శక్తిని తీసేస్తుంది. దాని ప్రభావం మూడు నాలుగు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి తిన్న రోజుకూ జబ్బుపడిన రోజుకూ లంకె దొరకదు. జింక్ ఫాస్ఫైడ్ గంటల్లోనే పనిచేస్తుంది. పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందు ఒంటి మీద పడితే పిల్లి తనను తాను నాక్కుంటూ దాన్ని మింగుతుంది. కుక్కల పేలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషమే. మనుషులు జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌ను అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతోనే దాని రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి చేరవచ్చు. చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. పిల్లి ఒళ్ళు వెచ్చగా ఉందని జాలిపడి మాత్ర వేసినవాళ్ళకు ఈ సంగతి తెలియకపోవడం సహజం. ప్రేమతో, తెలియక చేసినదానికీ, కావాలని చేసినదానికీ తేడా ఉంది. ఈ సమాచారం తర్వాతి పిల్లిని కాపాడటానికి పనికిరావాలి. పోయిన పిల్లి పేరుతో తనను తాను శిక్షించుకోవడానికి కాదు.

తిరువూరు ప్రాంతం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన జబ్బు మరొకటి ఉంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి, ఏలూరు జిల్లాలతో పాటు, తిరువూరుకు పొరుగునే ఉన్న గంపలగూడెం మండలంలో కూడా కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినట్టు నిర్ధారణ అయింది. అంతకు ముందు నెలలోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లుల్లో అదే హెచ్5ఎన్1 వైరస్ బయటపడింది. 2023 వేసవిలో పోలండ్‌లో అనేక పిల్లులు ఈ వైరస్‌తో చనిపోయాయి. జబ్బు సోకిన పక్షిని, పచ్చి కోడి మాంసాన్ని తినడం వల్ల పిల్లికి ఇది అంటుకుంటుంది. ఊపిరి అందకపోవడం, మూర్ఛలు, కొద్ది రోజుల్లోనే మరణం దీని తీరు. కోళ్ళు చనిపోతున్న రోజుల్లో పిల్లి కూడా హఠాత్తుగా చనిపోతే దాన్ని ఒట్టి చేతులతో తాకకూడదు. పశువైద్య శాఖకు వెంటనే తెలపాలి. అలాంటి సమయంలో చికెన్ కొట్టు దగ్గరి పచ్చి వ్యర్థాలు పిల్లికి పెట్టకూడదు. ఉడికించి పెడితే ముప్పు ఉండదు.

కారణం తెలుసుకోవాలంటే మొదటి రోజే కీలకం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో కళేబరం కొద్ది గంటల్లోనే చెడిపోవడం మొదలవుతుంది. పోస్టుమార్టం చేయించాలని ఉంటే చేతికి తొడుగులు వేసుకొని, పిల్లిని మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఉంచి, చుట్టూ ఐసు పెట్టాలి. గడ్డకట్టించకూడదు. గడ్డకడితే కణజాలం పాడై సూక్ష్మదర్శినిలో చూడటానికి పనికిరాదు. 24 గంటల్లోపు వైద్యుడి చేతికి చేర్చగలిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. ముందుగా స్థానిక పశువుల ఆసుపత్రిలో అడగాలి. జబ్బుపడిన జంతువుకు సాయం కోసమైతే 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రాష్ట్రంలో 2022 నుంచి ఈ నంబరు మీద సంచార పశువైద్య వాహనాలు పనిచేస్తున్నాయి. వ్యాధి నిర్ధారణలో లోతైన నైపుణ్యం కావలసి వస్తే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. 1998లో మొదలైన ఈ కళాశాల ఇప్పుడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. తిరువూరు నుంచి విస్సన్నపేట, నూజివీడు మీదుగా అక్కడికి చేరవచ్చు. బయలుదేరే ముందు ఫోన్ చేసి, పరీక్ష వీలవుతుందో లేదో కనుక్కోవడం మంచిది.

విషం మీద అనుమానం ఉంటే ఆ మాట వైద్యుడికి ముందే చెప్పాలి. పొట్టలో ఉన్న పదార్థాన్ని, కాలేయం ముక్కను విడిగా తీసి ప్రయోగశాలకు పంపవలసి ఉంటుంది. విషాలన్నిటినీ పట్టేసే పరీక్ష ఏదీ ఒక్కటిగా లేదు. ఫలానాది అనుకొని వెతికితేనే అది కనిపిస్తుంది. కావాలని జంతువుకు విషం పెట్టడం నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ప్రకారం దీనికి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆధారం ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఆధారం లేకుండా పక్కింటివాళ్ళ పేరు నోట రానివ్వకూడదు. పిల్లి మరణం ఒక్కరోజు సంగతి. గోడ పక్క పగ ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది.

రేబిస్ విషయంలో మాత్రం ఒక్క గంట కూడా తాత్సారం చేయకూడదు. చనిపోయే ముందు పిల్లి వింతగా ప్రవర్తించినా, రెచ్చిపోయి మీద పడినా, నోటి వెంట చొంగ కార్చినా, ఆ రోజుల్లో అది కరిచిన, గీరిన ప్రతి ఒక్కరూ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడుక్కోవాలి. ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా కోర్సు మొదలుపెట్టాలి. పిల్లి రేబిస్‌తోనే పోయిందా అన్న ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఆగకూడదు. రేబిస్ లక్షణాలు మనిషిలో కనిపించాక బతికించడం దాదాపు అసాధ్యం. దుఃఖంలో ఉన్న ఇంట్లో అన్నిటికంటే ముందు ఆలోచించవలసిన విషయం ఇదే.

ఇంత చేసినా కొన్నిసార్లు కారణం దొరకదు. గుండె లయ తప్పి ఆగిపోతే, పోస్టుమార్టంలో కంటికి కనిపించే ఆనవాలు మిగలకపోవచ్చు. కొన్ని విషాలు ఒంట్లో నిలవవు. అసలు చాలామందికి పోస్టుమార్టం ఆలోచనే రాదు, వచ్చినా మనసొప్పదు. ముద్దుగా పెంచుకున్న ప్రాణిని కోయించడం ఇష్టంలేక మట్టిలో కలిపేస్తారు. అదీ తప్పు కాదు. కారణం తెలియకుండా మిగలడం అంటే వైద్యం ఓడిపోయిందనీ కాదు, ఇల్లు ఓడిపోయిందనీ కాదు. ఈ సంగతి తిరువూరు నియోజకవర్గానికి బాగా తెలుసు. ఇక్కడి ఎ.కొండూరు మండలంలోని తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాల్ని కుంగదీసింది. ఇంత తీవ్రమైన మనుషుల జబ్బు విషయంలోనే కారణాల మీద అన్వేషణ ఏళ్ళ తరబడి సాగింది. అలాంటప్పుడు ఒక్క రాత్రిలో ముగిసిపోయిన ఒక చిన్న ప్రాణి కథకు ప్రతిసారీ జవాబు దొరకాలనుకోవడం సాధ్యం కాదు.

జవాబు దొరకనిచోట మనసు మూడు దారులు వెతుక్కుంటుంది. మొదటిది తనను తాను నిందించుకోవడం. ఆ పూట తినలేదని గమనించి ఉంటే, ముందు రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఉంటే అన్న ఆలోచనలు వరసకడతాయి. జరిగినదాన్ని తెలుసుకున్నాక, అది ముందే తెలియదగినదిగా అనిపించడం మనిషి బుద్ధి స్వభావం. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ పరిశోధకుడు దీన్ని ప్రయోగాలతో చూపించాడు. ఫలితం తెలిసినవాళ్ళు, ఆ ఫలితం వస్తుందని ముందే అనిపించి ఉండేదని ఎక్కువగా చెప్పారు. పిల్లి పోయాక, అది మంచం కింద పడుకున్న సాయంత్రం ఒక హెచ్చరికలా కనిపిస్తుంది. అదే పిల్లి అదే మంచం కింద అంతకుముందు వంద సాయంత్రాలు హాయిగా పడుకున్న సంగతి గుర్తుకు రాదు. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతోనే ఆ రోజు నిర్ణయాన్ని తూచాలి. ఈ రోజు తెలిసినదాన్ని ఆ త్రాసులో వేయకూడదు.

రెండో దారి ఎదుటివాళ్ళను అనుమానించడం. మూడోది దిష్టి, శకునం, చేతబడి. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకునే ఆచారం, పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలన్న నమ్మకం తెలుగునాట పాతవి. ఒకవైపు అపశకునం, ఇంకోవైపు మహాపాపం. అందువల్ల పిల్లి చనిపోయిన ఇంట్లో, ముఖ్యంగా పెద్దవయసువాళ్ళలో, ఇంటికి ఏదో కీడు జరగబోతోందన్న భయం మొదలవుతుంది. పిల్లి జబ్బుతో చనిపోతే అది ఎవరు చేసిన పాపమూ కాదు, రాబోయే దేనికీ సూచనా కాదు. పెద్దల మనసు కుదుటపడటానికి ఒక దీపం పెట్టడం, ఒక దండం పెట్టుకోవడం మంచిదే. భయాన్ని అడ్డుపెట్టుకొని శాంతుల పేరుతో డబ్బు గుంజేవాళ్ళకు మాత్రం తలుపు తీయకూడదు.

ఇంకో రకం బాధ ఉంది. జబ్బుపడిన పిల్లి ఇల్లు విడిచి ఎక్కడికో పోయి, మళ్ళీ కనిపించకపోవడం. పిల్లి చావు దగ్గరపడితే ఇంట్లో ఉండదని జనం అంటారు. నిజానికి అది చావును వెతుక్కుంటూ పోదు. చల్లగా, చీకటిగా, ఎవరూ కదిలించని చోటు వెతుక్కుంటుంది. ఆ చోటునుంచి తిరిగి రాలేకపోతుంది. ఇలా ఆనవాలు లేకుండా పోయినవాళ్ళ కోసం ఎదురుచూసే బాధను అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియని సైనికుల కుటుంబాల మధ్య అధ్యయనం చేసింది. ఉన్నారో లేరో తేలని నష్టంలో దుఃఖం గడ్డకట్టుకుపోతుందని ఆమె వివరించింది. పిల్లి విషయంలో కొలత చిన్నదే కావచ్చు, తీరు అదే. రోజూ రాత్రి తలుపు దగ్గర గిన్నె పెట్టి ఎదురుచూసే ఇంట్లో, కొన్ని వారాలు వెతికాక అందరూ కూర్చొని, అది చనిపోయి ఉంటుందని ఒప్పుకొని, దాని గిన్నెను కడిగి లోపల పెట్టుకోవడం మేలు.

ఈ దుఃఖానికి మరో బరువు, దాన్ని పైకి చెప్పుకోలేకపోవడం. మనిషి పోతే పలకరింపులు, పదకొండో రోజు, పెద్దకర్మ ఉంటాయి. ఆవు చనిపోతే రైతు నష్టాన్ని ఊరంతా అర్థం చేసుకుంటుంది. పిల్లి చనిపోయి కన్నీళ్ళు పెట్టుకుంటే, పిల్లి కోసం ఏడుపేమిటి, ఇంకోటి తెచ్చుకోవచ్చుగా అంటారు. కెన్నెత్ డోకా అనే అమెరికా ఆచార్యుడు 1989లో, సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖాల మీద ఒక గ్రంథం వెలువరించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోని దుఃఖం లోపలే ఉండి ఎక్కువ కాలం బాధిస్తుందన్నది అందులోని సారం. అన్ని కాలాల్లో, అన్ని చోట్ల పిల్లి దుఃఖాన్ని ఇలా చిన్నచూపు చూడలేదు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, ఈజిప్టులో ఇంటి పిల్లి సహజంగా చనిపోతే ఇంట్లోవాళ్ళంతా కనుబొమ్మలు గొరిగించుకునేవారని రాశాడు. అక్కడ దుఃఖానికి అందరూ గుర్తుపట్టే ఆనవాలు ఉండేది. ఇక్కడ ఆనవాలు లేకపోయినా, దుఃఖం ఉందని ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవచ్చు. ఒంటరిగా ఉండే వృద్ధులకు రోజంతా పలకరించే ప్రాణి ఆ పిల్లి ఒక్కటే అయి ఉండవచ్చు. అలాంటివారి ఇంటికి వెళ్ళి ఒక పూట కూర్చోవడం, పిల్లి గురించి వాళ్ళను మాట్లాడనివ్వడం పలకరింపులన్నిటిలోకీ విలువైనది.

పిల్లలకు నిజం చెప్పాలి. పిల్లి నిద్రపోయిందని చెబితే చిన్నపిల్లలు తాము నిద్రపోవడానికి భయపడతారు. ఊరికి వెళ్ళిందని చెబితే తిరిగి వస్తుందని ఎదురుచూస్తారు, తమ మీద అలిగి వెళ్ళిందేమోనని కుమిలిపోతారు. ఒంట్లో జబ్బు పెద్దదై పిల్లి చనిపోయింది, ఇక రాదు, ఆ జబ్బు ఎందుకు వచ్చిందో డాక్టరుకు కూడా తెలియలేదు, ఎవరి తప్పూ లేదు అని మామూలు మాటల్లో చెప్పాలి. ఐదారేళ్ళ పిల్లలు అదే ప్రశ్న పదిసార్లు అడుగుతారు. పదిసార్లూ అదే జవాబు ఓపికగా చెప్పాలి. తోక లాగినందుకే చనిపోయిందా అన్న భయం పిల్లల మనసులో దాగి ఉంటుంది. వాళ్ళు అడగకపోయినా, అలా జరగదని పెద్దలే చెప్పడం మంచిది. తెలియదు అనే మాటను పెద్దల నోట నిజాయితీగా వినడం పిల్లలకు గొప్ప పాఠం.

సాగనంపడం మనసుకు ఆసరా ఇస్తుంది. పెరట్లో గాని, తోటలో గాని, బావికీ బోరుకూ కాలవకూ దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతుగా, కనీసం మూడడుగుల గొయ్యి తీయాలి. అంటువ్యాధి అనుమానం ఉంటే సున్నం చల్లి పూడ్చాలి. పాత గుడ్డలో చుట్టి, పైన ఒక మొక్క నాటితే పిల్లలకు వెళ్ళి చూసుకునే చోటు ఒకటి ఉంటుంది. మున్సిపాలిటీ చెత్తబండిలో వేయడం, కాలవలోకి విసిరేయడం ఊరి ఆరోగ్యానికీ మంచిది కాదు, ఇంట్లోవాళ్ళ మనసుకూ మంచిది కాదు. పూడ్చడానికి చోటులేని అద్దె ఇంటివాళ్ళు తోట ఉన్నవాళ్ళను అడగవచ్చు.

తరవాతి రోజుల్లో దుఃఖం ఒక వరుసలో నడవదు. ఒక రోజు పనిలో పడి మరచిపోతారు. మర్నాడు పాలవాడి కేక వినగానే, పిల్లి పరిగెత్తుకొచ్చే వేళ అది అని గుర్తొచ్చి గుండె పట్టేస్తుంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఈ ఊగిసలాటే ఆరోగ్యకరమని వివరించారు. కొంతసేపు నష్టం వైపు, కొంతసేపు జీవితం వైపు మనసు తిరగడంలోనే మాన్పు ఉంది. మరచిపోయిన పూట గురించి సిగ్గుపడనక్కర్లేదు, ఏడ్చిన పూట గురించీ సిగ్గుపడనక్కర్లేదు. ఎందుకు అన్న ప్రశ్న వేధిస్తూ ఉంటే దాన్ని ఒక్కసారి కాగితం మీద పెట్టడం ఉపకరిస్తుంది. జబ్బుపడిన రోజులు, కనిపించిన లక్షణాలు, పెట్టిన తిండి, వాడిన మందులు వరసగా రాసి పశువైద్యుడికి చూపించాలి. ఆయన చెప్పగలిగింది విని, చెప్పలేనిదాన్ని ఆ కాగితం చివర తెలియదు అని రాసి మడిచిపెట్టాలి. అంతకు మించి ఆ ప్రశ్నకు రోజులు ధారపోయనక్కర్లేదు.

నెలలు గడిచినా నిద్ర, తిండి, పని కుదుటపడకపోతే, బతుకు మీద విరక్తి కలిగితే సహాయం అడగాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లి గురించి అని సంకోచించనక్కర్లేదు. చాలాసార్లు పిల్లి మరణం, అంతకుముందు ఇంట్లో జరిగిన మరో మరణాన్ని తిరిగి కదిలిస్తుంది.

ఇంట్లో వేరే పిల్లులు ఉంటే వాటిని కనిపెట్టుకొని ఉండాలి. తోటి పిల్లి లేకపోతే కొన్ని పిల్లులు అరుస్తూ వెతుకుతాయి, తిండి తగ్గిస్తాయి. ఒక రోజంతా తినకపోతే అది బెంగేలే అని వదిలేయకూడదు. అదే జబ్బు అంటుకొని ఉండవచ్చు. పైగా పస్తున్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుపోయే ప్రమాదం ఉంది. పోయిన పిల్లి గిన్నె, పడక, అది తిరిగిన నేల శుభ్రం చేయాలి. పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి 32 పాళ్ళ నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడిగితే చస్తుంది. గుడ్డ పడకలను కాల్చేయడమే మేలు.

కొత్త పిల్లిని ఎప్పుడు తేవాలన్నది ఇంట్లోవాళ్ళ మనసును బట్టి ఉంటుంది. కారణం అంటువ్యాధి అయి ఉండవచ్చనిపిస్తే, టీకాలు పూర్తికాని కూనను కొన్ని నెలల పాటు ఆ ఇంటికి తేకూడదు. కూనకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా వేయించి, 3, 4 వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాకా కొనసాగించాలి. ఏడాదిలోపు మరొకటి, తరవాత వైద్యుడు చెప్పిన ప్రకారం వేయించాలి. రేబిస్ టీకా దీనికి అదనం. ఎలుకల మందు పెట్టవలసివస్తే పిల్లికి అందని చోట పెట్టి, చచ్చిన ఎలుకలను వెంటనే ఏరి పూడ్చాలి. మనుషుల మాత్రలు పిల్లికి వేయకూడదు. ఒక పూట తినకపోతే గమనించాలి, ఒక రోజంతా తినకపోతే వైద్యుడికి చూపించాలి. పోయిన పిల్లికి కారణం తెలియకపోయినా, రాబోయే పిల్లికి ఈ జాగ్రత్తలన్నీ కాపలా కాస్తాయి.